గుండె నాళంలో గడ్డ ఎలా మొదలవుతుంది

(పర్లాకిమిడిలో తెలుగువారి సభలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తల్లులకు, పిల్లలకు నమస్కారం. సాయంత్రం పనులు మానుకుని ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. చదువు వాడుక భాషలో సాగాలని పోరాడిన మనిషి ఆయన. ఆ ధైర్యంతోనే గుండె జబ్బులో కాస్త కష్టమైన సంగతి ఒకటి మన మాటల్లో చెప్పబోతున్నాను. మధ్యలో అర్థం కాకపోతే చెయ్యెత్తండి, ఆగి చెప్తాను.

ప్లేట్‌లెట్లు అన్న మాట డెంగీ పుణ్యమా అని ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ తెలుసు. జ్వరం తగిలితే చాలు, ‘ఎన్నున్నాయి’ అని అడుగుతారు. మైక్రోలీటరు రక్తంలో 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా ఉంటే మామూలు. 20 వేలకు పడిపోతే ఇంటిల్లిపాదికీ టెన్షన్. అది సరే. అయితే దీనితోపాటు ఇంకో నమ్మకం కూడా వచ్చింది. గుండెలో నొప్పి అని వచ్చినవాళ్ళు రక్తపరీక్ష కాగితం చూపించి, ‘రెండున్నర లక్షలున్నాయి కదండీ, అంతా బాగున్నట్టే కదా’ అంటారు. కాగితంలో ఉన్నది వాటి లెక్క. అవి ఏం చేస్తున్నాయో ఆ కాగితం చెప్పదు.

ఈ తేడా వైద్యులకు వందేళ్ళ కిందటే తెలిసింది. 1918లో స్విట్జర్లాండ్‌లో ఎడ్వర్డ్ గ్లాంజ్‌మాన్ అనే పిల్లల డాక్టరు కొందరు పిల్లల్ని చూశాడు. చిన్న దెబ్బకే రక్తం ఆగేది కాదు. లెక్కపెడితే ప్లేట్‌లెట్లు నిండుగా ఉన్నాయి, కాని అవి ఒకదాన్నొకటి పట్టుకోవడం లేదు. సంఖ్య ఉంది, పని లేదు. ఈ రోజు నేను చెప్పేది దానికి సరిగ్గా ఎదురు సంగతి. సంఖ్య మామూలే, పని మాత్రం మితిమీరిపోయింది. అది కూడా ఒళ్ళంతా కాదు, గుండె నాళంలో ఒకే ఒక్క చోట. అన్‌స్టేబుల్ యాంజైనాలో, అంటే నిలకడ తప్పిన గుండెనొప్పిలో జరిగేది ఇదే.

ముందు ఆ జబ్బు ఎలా ఉంటుందో చెప్తాను. గుండె రాత్రీ పగలూ పనిచేసే కండరం, దానికీ రక్తం కావాలి. ఆ రక్తం తెచ్చే నాళాలు గుండె పైనే పాకి ఉంటాయి. పెద్ద నాళం లోపలి వెడల్పు కూడా మామూలుగా మూడు నాలుగు మిల్లీమీటర్లే. ఏళ్ళ తరబడి గోడలో కొవ్వు పేరుకుని దారి ఇరుకైతే, మెట్టెక్కినప్పుడో మూట మోసినప్పుడో ఎదలో పట్టేసినట్టవుతుంది. కూర్చుంటే కాసేపటికి తగ్గిపోతుంది. ఎంత దూరం నడిస్తే వస్తుందో మనిషికి ముందే తెలిసిపోతుంది. నెలలు గడిచినా అలాగే ఉంటుంది. ఇది నిలకడగా ఉన్న యాంజైనా.

అన్‌స్టేబుల్ యాంజైనాకు ఆ నిలకడ పోతుంది. అంతకుముందు ఎన్నడూ లేని మనిషికి ఈ మధ్యనే కొత్తగా, గట్టిగా నొప్పి మొదలవుతుంది. లేదా ఎప్పటినుంచో ఉన్న నొప్పి తరచుగా, తక్కువ పనికే వస్తుంది. నిన్నటిదాకా బజారు దాకా నడిచినవాడు ఇవాళ పెరట్లోకి వెళ్ళి రాలేడు. లేదా ఏ పనీ లేకుండా మంచం మీద పడుకుని ఉండగానే వచ్చి, ఇరవై నిమిషాలు దాటినా వదలదు. ఈ మూడింటిలో ఏది వచ్చినా నాళంలో కొత్తగా ఏదో మొదలైందనే అనుకోవాలి.

మనవాళ్ళు దీన్ని చెప్పే తీరు నాకు బాగా అలవాటు. ‘ఏటో బరువెట్టినట్టుంది బాబూ’ అంటారు. ‘దవడ లాగేస్తంది’ అంటారు. ఎక్కువమంది చెప్పేది మాత్రం ‘గేసు పట్టేసింది’ అని. సోడా తాగాను, తేన్పు వచ్చింది, తగ్గింది అంటారు. సుగరున్నవాళ్ళకు, పెద్ద వయసు ఆడవాళ్ళకు నొప్పి స్పష్టంగా ఉండకపోవచ్చు. ఆయాసం, చల్లని చెమట, వాంతి, చెప్పలేని నీరసం, అంతే. సోడాతో తగ్గిందన్న మాట గురించి మళ్ళీ చెప్తాను. నన్ను అడిగితే ఈ రోజు ప్రసంగంలో అసలు సంగతి అదే.

ఇప్పుడు నాళం లోపలికి వెళ్దాం. గోడలో పేరుకున్న కొవ్వు మీద ఒక పీచు పొర ఉంటుంది. అది మందంగా ఉన్నంతకాలం దారి ఇరుకైనా ప్రమాదం తక్కువ. కొవ్వులోకి చేరిన తెల్ల కణాలు ఆ పొరను తినేసే ఎంజైములు వదులుతాయి. పొర పలచబడి పలచబడి ఒకనాడు చిట్లుతుంది. కొందరిలో చిట్లదు, పైపూత మాత్రం రాలిపోతుంది. పొగ తాగేవాళ్ళలో, ఆడవాళ్ళలో ఈ రెండో రకం ఎక్కువగా కనిపిస్తుంది. చిట్లేది ఎప్పుడూ పెద్ద పూడికే కాదు, ఇది గుర్తుంచుకోండి. ముందురోజు దాకా దారిలో సగం కూడా మూయని పూడికలు చిట్లి ప్రాణం మీదికి తెస్తుంటాయి. అందుకే ‘కిందటి నెల ట్రెడ్‌మిల్ పరీక్షలో ఏమీ లేదన్నారు’ అన్న ధీమా ఇవాళ్టి నొప్పికి పనికిరాదు.

చిట్లిన చోటికి ముందుగా వచ్చేవి ప్లేట్‌లెట్లు. 1882లో ఇటలీలో జూలియో బిజ్జొజెరో అనే శాస్త్రవేత్త వీటిని సూక్ష్మదర్శినిలో చూసి, నాళానికి గాయమైన చోట అతుక్కునేవి ఇవేనని చెప్పాడు. మిల్లీమీటరులో వెయ్యో వంతులు రెండో మూడో, అంతే వాటి సైజు. ఎముక మూలుగలోని పెద్ద కణాల నుంచి ముక్కలుగా విడివడి రక్తంలోకి వస్తాయి. వారం పది రోజులు బతుకుతాయి. వీటికి కేంద్రకం ఉండదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఆస్ప్రిన్ దగ్గర మళ్ళీ అవసరం పడుతుంది.

లోపలి పూత బాగున్నంతకాలం ప్లేట్‌లెట్లు గోడకు అంటుకోవు. ఆ పూతే నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్ అనే పదార్థాలు వదులుతూ వాటిని నెమ్మదిగా ఉంచుతుంది. పూత పోయి కింద ఉన్న కొల్లాజెన్ అనే పీచు బయటపడగానే, రక్తంలో తిరిగే వాన్ విల్లెబ్రాండ్ ఫాక్టర్ అనే ప్రోటీన్ వచ్చి దానికి అంటుకుంటుంది. ఆ ప్రోటీన్‌ను ప్లేట్‌లెట్ పట్టుకుంటుంది. ఇరుకు చోట రక్తం వేగంగా పారుతుంది కదా, మరి కొట్టుకుపోవాలి కదా అని అనిపిస్తుంది. జరిగేది వేరు. వేగం పెరిగేకొద్దీ ఆ ప్రోటీన్ సాగి విచ్చుకుంటుంది, ఇంకా ఎక్కువ ప్లేట్‌లెట్లను పట్టుకుంటుంది. దెబ్బ తగిలినప్పుడు ప్రాణం కాపాడే ఏర్పాటు ఇది. గుండె నాళంలో అదే ప్రాణానికి ముప్పు.

అంటుకున్న ప్లేట్‌లెట్ రూపం మార్చుకుంటుంది. ఒళ్ళంతా ముళ్ళు పొడుచుకొస్తాయి. తనలో దాచుకున్న ఏడీపీ అనే పదార్థాన్ని బయటికి చిమ్ముతుంది. థ్రాంబాక్సేన్ అనే ఇంకోదాన్ని అప్పటికప్పుడు తయారుచేసి వదులుతుంది. ఈ రెండూ పక్కనుంచి పోతున్న ప్లేట్‌లెట్లను రేపుతాయి. అవీ అంటుకుని, అవీ ఇవే వదులుతాయి. థ్రాంబాక్సేన్‌కు ఇంకో గుణం కూడా ఉంది, నాళాన్ని బిగబట్టిస్తుంది. అంటే గడ్డ ఒకపక్క పెరుగుతూ ఉంటే, దారి ఇంకోపక్క నుంచి ముడుచుకుంటుంది.

ఏడీపీ దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను, మన తెలుగువాళ్ళు వినవలసిన సంగతి కాబట్టి. శరీరంలో ప్రతి కణానికీ శక్తినిచ్చే ఏటీపీలో ఒక ఫాస్ఫేట్ ఊడితే మిగిలేది ఏడీపీ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరంలోంచి ఏటీపీని వేరుచేసి చూపించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. ఆ తర్వాత 1961లో నార్వే పరిశోధకులు ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి అతికించే పదార్థం ఏడీపీయే అని తేల్చారు. ఈ రోజు స్టెంటు వేసినవాళ్ళలో చాలామంది మింగే క్లోపిడోగ్రెల్ మాత్ర పనిచేసేది సరిగ్గా ఇక్కడే, ఏడీపీ చెప్పే మాట ప్లేట్‌లెట్‌కు వినపడకుండా చేయడంలో.

ఇలా రేగిన ప్లేట్‌లెట్ పైన సుమారు 80,000 గ్రాహకాలు, అంటే పట్టుకునే చేతుల్లాంటివి, ఒక్కసారిగా విచ్చుకుంటాయి. గ్లైకోప్రోటీన్ టూబీ-త్రీఏ అని వాటి పేరు. రక్తంలోని ఫైబ్రినోజన్ ఒక కొసతో ఒక ప్లేట్‌లెట్‌నూ, ఇంకో కొసతో ఇంకోదాన్నీ పట్టుకుని కలిపేస్తుంది. గ్లాంజ్‌మాన్ చూసిన పిల్లల్లో లోపించినది ఈ గ్రాహకమే అని ఎన్నో ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఇక రక్తం గడ్డకట్టే రెండో దారి. చిట్లిన కొవ్వులో టిష్యూ ఫాక్టర్ అనే పదార్థం నిండుగా ఉంటుంది. అది రక్తానికి తగలగానే ఒకదాని వెనక ఒకటి ప్రోటీన్లు మేల్కొని, చివరికి థ్రాంబిన్ తయారవుతుంది. థ్రాంబిన్ ఫైబ్రినోజన్‌ను ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుంది. ఆ దారాలు ప్లేట్‌లెట్ల ముద్ద చుట్టూ వలలా అల్లుకుని బిగుస్తాయి, ఎర్రకణాలు కూడా అందులో చిక్కుకుంటాయి. ప్లేట్‌లెట్లను రేపే వాటిలో అన్నిటికంటే బలమైనది కూడా థ్రాంబినే. ఆ థ్రాంబిన్ జోరుగా తయారయ్యేది మళ్ళీ రేగిన ప్లేట్‌లెట్ల పైనే. ఒకటి రెండోదాన్ని పెంచుతుంది, రెండోది మొదటిదాన్ని. అందుకే మందులు కూడా రెండు వైపుల నుంచీ ఇవ్వాలి.

ఇప్పుడు సోడా సంగతికి వద్దాం.

1976లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో జాన్ ఫోల్ట్స్ అనే శాస్త్రవేత్త కుక్కల గుండె నాళాన్ని కొంత ఇరుకు చేసి రక్తం పారే తీరును కొలిచాడు. రక్తం నెమ్మదినెమ్మదిగా తగ్గిపోయేది, దాదాపు ఆగిపోయేది, ఉన్నట్టుండి మళ్ళీ పారేది. కొన్ని నిమిషాలకు మళ్ళీ అదే వరస. చూస్తే, ఇరుకు చోట ప్లేట్‌లెట్లు పోగుపడి దారి మూస్తున్నాయి, ఆ ముద్ద ఊడి కిందికి కొట్టుకుపోగానే దారి తెరుచుకుంటోంది. ఆస్ప్రిన్ ఇస్తే ఆ వరస ఆగిపోయింది. 1985లో డెన్మార్క్‌కు చెందిన ఎర్లింగ్ ఫాల్క్ గుండె నాళంలో గడ్డ వల్ల హఠాత్తుగా పోయినవాళ్ళ నాళాలు పరీక్షించాడు. ఎక్కువమందిలో గడ్డ ఒక్కసారిగా ఏర్పడినది కాదు. పొర మీద పొరగా, వేరువేరు సమయాల్లో పెరిగింది. దాని ముక్కలు ఊడి గుండె కండరంలోని సన్న నాళాల్లో ఇరుక్కుని ఉన్నాయి. 1986లో గారెట్ ఫిట్జెరాల్డ్ బృందం బతికి ఉన్న రోగుల్లోనే చూసింది. అన్‌స్టేబుల్ యాంజైనా ఉన్నవాళ్ళకు నొప్పి వచ్చిన వేళల్లో మూత్రంలో థ్రాంబాక్సేన్ తాలూకు పదార్థాలు పెరిగాయి. నొప్పి వచ్చిపోయిన ప్రతిసారీ లోపల ప్లేట్‌లెట్లు రేగి సద్దుమణుగుతున్నాయన్నమాట.

ఈ మూడూ కలిపి ఆలోచించండి. నొప్పి వచ్చింది, సోడా తాగారు, పది నిమిషాల్లో తగ్గింది. సోడా వల్ల తగ్గలేదు. గడ్డలో ముక్క ఊడి కిందికి పోయింది కాబట్టి తగ్గింది. చిట్లిన చోటు అలాగే తెరిచి ఉంది. రేపో, ఈ రాత్రికో ఇంకో పొర పడుతుంది. ఆ పొర దారిని పూర్తిగా మూసేస్తే అది పెద్ద గుండెపోటు. నొప్పి తగ్గిపోయింది కదా, తెల్లారాక చూద్దాం అని పడుకున్న ఇళ్ళలో ఏం జరుగుతుందో నాకు తెలుసు, మీలో కొందరికి ఇంకా బాగా తెలుసు. వచ్చిపోయే నొప్పి అన్నది ఈ జబ్బు లక్షణమే తప్ప, జబ్బు లేదనడానికి రుజువు కాదు.

ఆసుపత్రిలో ఇంటివాళ్ళు కోపంగా అడిగే ప్రశ్న ఒకటుంది. ‘పక్కింటాయనకి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు, మా నాన్నకి ఎందుకు ఇవ్వలేదు?’ న్యాయమైన ప్రశ్న, జవాబు చెప్పాల్సిందే. పక్కింటాయనకు నాళం పూర్తిగా మూసుకుపోయింది. అక్కడ గడ్డ ఎర్రగా, ఎక్కువ భాగం ఫైబ్రిన్‌తో, ఎర్రకణాలతో ఉంటుంది. ఆ ఇంజెక్షన్ ఫైబ్రిన్‌ను కరిగిస్తుంది. మీ నాన్నగారి నాళంలో ఉన్నది ఎక్కువ భాగం ప్లేట్‌లెట్లతో ఉన్న తెల్ల గడ్డ, దారి ఇంకా కొంత తెరిచే ఉంది. ఫైబ్రిన్ కరిగితే అందులో చిక్కుకుని ఉన్న థ్రాంబిన్ బయటపడుతుంది, అది ప్లేట్‌లెట్లను మళ్ళీ రేపుతుంది. 1994లో వెలువడిన టిమీ త్రీబీ అనే పరిశోధనలో ఇలాంటి 1,473 మందిని చూశారు. కరిగించే మందు తీసుకున్నవాళ్ళలో గుండెపోటు 7.4 శాతం, తీసుకోనివాళ్ళలో 4.9 శాతం. పైగా కొందరికి మెదడులో రక్తస్రావం. అందుకే ఇవ్వరు. ఈ సంగతిని డాక్టర్లు ఇంటివాళ్ళకు కూర్చోబెట్టి చెప్పాలి, చెప్పకపోతే అపోహలు పెరుగుతాయి.

మరి ఏం ఇస్తారు? మొదటిది ఆస్ప్రిన్. 1940ల్లో కాలిఫోర్నియాలో లారెన్స్ క్రేవెన్ అనే మామూలు కుటుంబ వైద్యుడు, గొంతులో టాన్సిల్స్ తీసినవాళ్ళు ఆస్ప్రిన్ కలిపిన గమ్ ఎక్కువగా నమిలితే రక్తం ఆగడం లేదని గమనించాడు. అలాగైతే గుండె నాళంలో గడ్డను ఆపుతుందేమో అని తన రోగులకు ఇచ్చాడు. ఆయన మాట చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1971లో ఇంగ్లండ్‌లో జాన్ వేన్ ఆస్ప్రిన్ ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని ఆపుతుందని కనుక్కున్నాడు, మన థ్రాంబాక్సేన్ వాటికి దగ్గరి చుట్టమే. 1982లో నోబెల్ పంచుకున్నాడు. థ్రాంబాక్సేన్‌ను కనుక్కున్న బెంట్ శామ్యూల్సన్‌కు కూడా అదే బహుమతిలో వాటా ఉంది.

థ్రాంబాక్సేన్ తయారుచేసే ఎంజైమును ఆస్ప్రిన్ శాశ్వతంగా పాడుచేస్తుంది. మామూలు కణమైతే తన కేంద్రకం సాయంతో కొత్త ఎంజైము చేసుకుంటుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదని చెప్పాను కదా, అది మళ్ళీ చేసుకోలేదు. బతికిన వారం పది రోజులూ అలాగే ఉంటుంది. అందుకే రోజుకు 75 మిల్లీగ్రాముల చిన్న మాత్ర సరిపోతుంది. కొత్తగా పుట్టుకొచ్చేవాటిని ఆపితే చాలు. ఫలితం ఎంత? 1983లో అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో అన్‌స్టేబుల్ యాంజైనా ఉన్న 1,266 మంది మగవాళ్ళకు 12 వారాలు ఇచ్చి చూశారు. చావు గాని, గుండెపోటు గాని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 10.1 శాతం, ఆస్ప్రిన్ వేసుకున్నవాళ్ళలో 5 శాతం. సగానికి సగం. ఇంత చవకైన మందు ఇంత పని చేయడం వైద్యంలో చాలా అరుదు. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యం కలుగుతూనే ఉంటుంది.

నొప్పి వచ్చినప్పుడు మొదటి మోతాదు పెద్దది, 300 మిల్లీగ్రాముల దాకా. మింగకూడదు, నమలాలి. పైన పూత ఉన్న ఎకోస్ప్రిన్ లాంటి మాత్ర మింగితే కడుపు దాటాక గాని కరగదు. నమిలితే నిమిషాల్లో రక్తంలోకి వెళ్తుంది. అయితే ఆస్ప్రిన్ పడనివాళ్ళు, కడుపులో పుండుతో రక్తం పోతున్నవాళ్ళు, మూతి వంకరపోవడం, కాలూచేయీ పడిపోవడం లాంటివి ఉన్నవాళ్ళు ఇంట్లో వేసుకోకూడదు. 108కి ఫోను చేసినప్పుడే, దగ్గరి డాక్టరుకు ఫోను చేసినప్పుడే, వేసుకోవచ్చా అని అడగండి.

రెండోది క్లోపిడోగ్రెల్ రకం. 2001లో క్యూర్ అనే పెద్ద పరిశోధనలో 12,562 మందిని చూశారు. ఆస్ప్రిన్ ఒక్కటే వేసుకున్నవాళ్ళలో గుండె జబ్బుతో చావు, గుండెపోటు, పక్షవాతం కలిపి 11.4 శాతం. రెండూ వేసుకున్నవాళ్ళలో 9.3 శాతం. దీనికి మూల్యం కూడా ఉంది, పెద్ద రక్తస్రావాలు 2.7 నుంచి 3.7 శాతానికి పెరిగాయి. ఇది దాచకూడదు. చిగుళ్ళలో కాస్త రక్తం వస్తే గాభరా పడక్కర్లేదు. మలం తారులా నల్లగా వస్తే మాత్రం వెంటనే రావాలి. క్లోపిడోగ్రెల్ కాలేయంలో మారితేనే పనిచేస్తుంది, మన దేశంలో చాలామందిలో ఆ మార్పు పుట్టుకతోనే మందకొడిగా ఉంటుంది. అలాంటప్పుడు టికాగ్రెలార్ లాంటివి వాడతారు. గ్యాస్ మాత్రల్లో ఒమెప్రజోల్ కూడా ఆ మార్పును తగ్గిస్తుంది. మందుల షాపులో సొంతంగా కొనుక్కోకుండా ఏది వేసుకోవాలో అడగండి.

మూడోది థ్రాంబిన్ వైపు నుంచి ఆపేది, హెపారిన్ ఇంజెక్షన్. ఇక్కడ ఉద్దానం సంగతి చెప్పక తప్పదు. కవిటి, సోంపేట, పలాస వైపు నుంచి మన దగ్గరికి వచ్చే బంధువుల్లో ఎంతమందికి కిడ్నీ జబ్బుందో మీకు తెలుసు. ఎనాక్సాపరిన్ అనే హెపారిన్ రకం శరీరం నుంచి పోయేది కిడ్నీల ద్వారానే. కిడ్నీ బాగా దెబ్బతిన్న మనిషికి మామూలు మోతాదు ఇస్తే మందు లోపలే ఉండిపోయి రక్తస్రావం అవుతుంది. మోతాదు తగ్గించాలి, లేదా వేరే రకం వాడాలి. హడావిడిలో డాక్టరు అడిగినా అడగకపోయినా, ‘క్రియాటినిన్ ఎక్కువుంది’, అంటే కిడ్నీ పని తగ్గింది, అని మీరే ముందు చెప్పండి. పాత రిపోర్టు ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి.

ప్లేట్‌లెట్లను రేపే అలవాట్ల గురించి తొందరగా చెప్పి ముగిస్తాను. పొగ మొదటిది. మన సిక్కోలు, గంజాం తీరాల్లో పెద్దావిడలు చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగకు నోటి క్యాన్సర్ భయం ఉందని తెలుసు, గుండె మాట ఎవరూ చెప్పరు. చుట్ట తాగినా, బీడీ తాగినా నాళం పూత దెబ్బతింటుంది, ప్లేట్‌లెట్లు రేగుతాయి. గుడాకు పళ్ళకు రాసుకునేవాళ్ళు ‘పొగ లేదు కదా’ అంటారు, అందులోనూ పొగాకే ఉంది, నికోటిన్ గుండె వేగాన్ని, బీపీని పెంచుతుంది. సుగర్ అదుపులో లేకపోతే ప్లేట్‌లెట్లు ఎప్పుడూ సగం రేగే ఉంటాయి. ఒళ్ళునొప్పులకు వేసుకునే బ్రూఫెన్ ఆస్ప్రిన్ కూర్చోవలసిన చోట తాను కూర్చుని దాన్ని పనిచేయనివ్వదు. డైక్లోఫెనాక్ అయితే తనంతట తానే గుండెపోటు ప్రమాదాన్ని పెంచుతుంది. ఉదయం పూట, లేచి నిలబడిన తర్వాత ప్లేట్‌లెట్ల అతుకుడు పెరుగుతుందని కొలిచి చూశారు. ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం లోపు గుండెపోట్లు ఎక్కువ కావడానికి అది ఒక కారణం. కాబట్టి రాత్రి నొప్పి వచ్చి తగ్గిందని, పొద్దున్నే పొలం వెళ్ళడం చాలా ప్రమాదం.

మన ఊరి సంగతి. ఇక్కడి జిల్లా ఆసుపత్రిలో ఈసీజీ తీయించుకోవడం మొదటి పని. కాశీనగర్ నుంచి, గారబంధ నుంచి, అటు పాతపట్నం, మెళియాపుట్టి నుంచి వచ్చేవాళ్ళయినా అంతే. నేరుగా విశాఖ వెళ్దాం అని కారెక్కి దారిలో గంటలు పోగొట్టుకోవద్దు. మొదటి ఈసీజీ మామూలుగా ఉండవచ్చు. ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష కూడా మామూలుగా ఉండవచ్చు. గుండె కణాలు చచ్చిపోతేనే అది పెరుగుతుంది. అన్‌స్టేబుల్ యాంజైనాలో అవి ఇంకా చావలేదు, అదే మనకున్న అవకాశం. అందుకే కొన్ని గంటల తర్వాత రెండూ మళ్ళీ చూస్తారు. ‘అంతా నార్మలే కదా’ అని సంతకం పెట్టి ఇంటికి వెళ్ళిపోవద్దు. తర్వాత బరంపురమా, శ్రీకాకుళమా, విశాఖా అన్నది మీ డాక్టరుతో మాట్లాడుకోండి. మీ ఆరోగ్య కార్డు సరిహద్దు అవతల ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో మాత్రం ఒంట్లో బాగున్న రోజునే కనుక్కోండి. 108కి ఫోను చేస్తే ముందు ఊరు, జిల్లా, రాష్ట్రం చెప్పండి.

ఇప్పుడు ప్రశ్నలు.

(సభలో ఒకరు: డాక్టరుగారూ, నాకు ఆరు నెలల కిందట స్టెంట్ వేశారు. పన్ను పీకించాలి. పళ్ళ డాక్టరు మాత్రలు ఆపి రమ్మన్నారు.)

ఆపకండి, అయ్యా. స్టెంటు కూడా నాళానికి కొత్త వస్తువే, దానిమీద పూత పట్టేదాకా ప్లేట్‌లెట్లు అక్కడ చేరడానికి చూస్తూనే ఉంటాయి. మాత్రలు ఆపిన వారంలో స్టెంట్ మూసుకుపోతే అది గుండెపోటే. పన్ను పీకిన చోట దూది నొక్కి పెట్టి రక్తం ఆపవచ్చు. మీ గుండె డాక్టరు చేత ఒక చీటీ రాయించి పళ్ళ డాక్టరుకు ఇవ్వండి. ఇద్దరూ ఫోనులో మాట్లాడుకుంటే ఇంకా మంచిది.

(ఇంకొకరు: నాలుక కింద పెట్టుకునే మాత్ర ఇంట్లో ఉంచుకోవచ్చా, బాబూ?)

సార్బిట్రేట్. మీకు రాసిచ్చి ఉంటే ఉంచుకోండి, తల్లీ. కూర్చుని పెట్టుకోవాలి, నిలబడి పెట్టుకుంటే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. అది నాళాన్ని కాస్త వదులు చేస్తుంది, గడ్డను ఏమీ చేయదు. కాబట్టి దానితో నొప్పి తగ్గినా, కొత్త నొప్పి అయితే ఆసుపత్రికి రావాల్సిందే. మగతనానికి వేసుకునే మాత్రలు తీసుకున్నవాళ్ళు మాత్రం ఇది పెట్టుకోకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి.

(వెనక నుంచి ఒక యువకుడు: మా నాయనమ్మకి 74. గుండె జబ్బు ఏమీ లేదండి. ముందుజాగ్రత్తగా ఎకోస్ప్రిన్ వేయమని మా మావయ్య అంటున్నారు.)

వద్దు తమ్ముడూ. జబ్బు ఉన్నవాళ్ళకు సగానికి సగం మేలు చేసిన మందే, జబ్బు లేని పెద్దవాళ్ళకు మేలు చేయలేదు. 2018లో ఆస్ప్రీ అనే పరిశోధనలో 19,114 మందిని చూశారు, ఎక్కువమంది 70 దాటినవాళ్ళు. గుండె జబ్బులు చెప్పుకోదగ్గంత తగ్గలేదు, రక్తస్రావాలు మాత్రం పెరిగాయి. నాయనమ్మగారికి బీపీ, సుగర్ చూపించండి, చుట్ట తాగే అలవాటుంటే మాన్పించండి. ఎకోస్ప్రిన్ వేయకండి.